చెవ్టి చిర్త: ఏడంగుళాల కవరు, పన్నెండు పేజీల పుస్తకం

నవంబరు 2, ఆదివారం

సంక్రాంతికి మా టెన్త్ బ్యాచ్ కలుస్తోంది. 2000లో పాసైనవాళ్లం. వచ్చినవాళ్లకి జ్ఞాపికగా ఏమివ్వాలని వాట్సాప్ గ్రూపులో మూడు వారాలు కొట్టుకున్నారు. స్టీలు టిఫిన్ బాక్సు అని ఒకడు, ఫొటో గడియారం అని ఇంకొకడు, శాలువాలని మరొకడు. విసుగొచ్చి, "ఇవేవీ వద్దురా, నేనో చిన్న పుస్తకం చేసి తెస్తా" అన్నాను. దేని గురించి అని ఒక్కడూ అడగలేదు. ఖర్చు నాదే అన్న మాట మాత్రం అందరూ చదివారు. బొటనవేళ్లు టపటపా పడ్డాయి.

దేని గురించో నాకు ముందే తెలుసు. టెన్త్‌లో నలుగురం కలిసి బ్యాండు పెట్టాం. పేరు ఇక్కడ రాయను, నలభై దాటినవాళ్లం, పరువు సంగతి. ఐదు తీగలే మిగిలిన గిటారు, ఒక క్యాసియో కీబోర్డు, పాడతానన్నవాడు ఒకడు, మార్చ్‌పాస్ట్‌లో వాయించే స్కూలు సైడ్ డ్రమ్ము నా మెడలో. కీబోర్డు వాడి అన్నయ్య బెంగళూరు నుంచి తెచ్చిన క్యాసెట్టు ఒకటుండేది. ఇంగ్లండు రాక్ బ్యాండు డెఫ్ లెపర్డ్ వాళ్ల 'హిస్టీరియా'. అది అరిగిపోయేదాకా విన్నాం. గుంటూరులో మాకప్పుడు హెవీ మెటల్ అంటే ఆ ఒక్క క్యాసెట్టే.

అందుకని ఆ క్యాసెట్టు వాళ్ల స్కూలు రోజుల కథ తెలుగులో రాసి అచ్చేస్తున్నాను. 1977 నుంచి 1979 దాకా, అంతే. అరవై కాపీలు.

ఆకారం కూడా అనుకున్నాను. ఆ కుర్రాళ్లు 1979 జనవరిలో మొదటి రికార్డు సొంతంగా తెచ్చారు. మూడు పాటల ఏడంగుళాల ప్లేటు, 1,000 కాపీలు. కంపెనీ ఎవరూ లేరు. 'బ్లడ్జన్ రిఫోలా' అని లేబుల్‌కి వాళ్లే పేరు పెట్టుకున్నారు. నా పుస్తకం కూడా అలాంటి ఏడంగుళాల కవర్లోంచి బయటికి రావాలి. ప్లేటు ఉంటుందనుకుని తీస్తే పుస్తకం ఉండాలి.

నవంబరు 9, ఆదివారం

పొద్దున్నంతా కొలతలు. డిజిటల్ ప్రింటు షాపులో షీటు పన్నెండు బై పద్దెనిమిది అంగుళాలు. పుస్తకం కూడా ఏడంగుళాల చదరం చేస్తే తెరిచిన జత పద్నాలుగు అంగుళాలవుతుంది. షీటుకి ఒక్క జతే పడుతుంది, మిగతాదంతా తుక్కు. కాసేపు పెన్సిలు నమిలాక వెలిగింది. షీటుని పొడవునా మూడు ముక్కలు కోస్తే ఒక్కోటి పన్నెండు బై ఆరు. మధ్యకి మడిస్తే ఆరంగుళాల చదరం. ఒక్కో ముక్కకి నాలుగు పేజీలు, మూడు ముక్కలకి పన్నెండు. అంటే ఒక షీటుకి ఒక పుస్తకం, తుక్కు సున్నా. అంచులు కోశాక అయిదుంపావలా నుంచి అయిదుముప్పావు మధ్య ఎక్కడో తేలుతుంది. ఇంజనీరింగు చదివినందుకు ఇన్నాళ్లకి ఒక ఉపయోగం.

తెల్లకాగితంతో డమ్మీ చేశాను. పై ముక్క మీద 12, 1 పక్కపక్కన, వెనక 2, 11. రెండో దాని మీద 10, 3, వెనక 4, 9. లోపలి దాని మీద 8, 5, వెనక 6, 7. మధ్య పేజీలు 6, 7 రెండూ ఒకే కాగితం మీద పడ్డాయి కాబట్టి అక్కడ బొమ్మ తెగకుండా వేసుకోవచ్చు.

కవరు కొలత ఏడుంపావు. ముందూ వెనకా కలిపి పద్నాలుగున్నర, పైనా కిందా అతికించడానికి అరంగుళానికి కాస్త ఎక్కువగా రెక్కలు. మొదటి నమూనా పాత శుభలేఖ అట్టతో కోశాను. ఎవరి పెళ్లో గాని, వధువు పేరు రెక్క మీదకి వచ్చింది.

నవంబరు 15, శనివారం

రాత మొదలుపెట్టాను. మొదటి పేజీ వాళ్ల ఊరికి ఇచ్చాను. షెఫీల్డ్. ఇంగ్లండు ఉత్తరాన ఉక్కు, కత్తులు, స్పూన్లు చేసే ఊరు. మా తాత గడ్డం గీసుకునే కత్తి మీద ఆ పేరు చెక్కి ఉండేది. తుప్పు పట్టని స్టీలు 1913లో తయారుచేశాడని పేరు తెచ్చుకున్న హ్యారీ బ్రేర్లీదీ ఆ ఊరే. ఆ లెక్కన మా గ్రూపు వాళ్లడిగిన టిఫిన్ బాక్సు కూడా ఈ పుస్తకంలో ఉన్నట్టే.

రెండో పేజీ, స్కూలు. ట్యాప్టన్ స్కూల్లో చదివే రిక్ సావేజ్, పీట్ విల్లిస్, టోనీ కెన్నింగ్ 1977లో ఒక బ్యాండు పెట్టారు. విల్లిస్ గిటారు, సావేజ్ గిటారు మానేసి బేసు, కెన్నింగ్ డ్రమ్స్. పేరు 'అటామిక్ మాస్'. దీన్ని ఎలా రాయాలా అని ఆలోచిస్తుంటే మా ఎనిమిదో తరగతి అమ్మాయి పక్క నుంచి చూసి, "పరమాణు ద్రవ్యరాశి, నాన్నా" అంది. పొట్ట పట్టుకుని నవ్వాను. అదే ఖాయం చేశాను. పరమాణు ద్రవ్యరాశి అని పేరున్న బ్యాండుకి ఏ ఊళ్లోనైనా మేనేజరు దొరుకుతాడా?

మూడో పేజీ, బస్సు. 1977 నవంబరులో జో ఇలియట్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడికి బస్సు తప్పిపోయింది. నడుస్తుంటే విల్లిస్ తగిలాడు. జో వీళ్లలో గిటారు వాయిద్దామని వచ్చాడు. విన్నాక, నువ్వు పాడితేనే నయం అన్నారు. బ్యాండు కథల్లో నాకు బాగా నచ్చే రకం మలుపు ఇది. విధి, ప్రతిభ, ఏవీ లేవు. బస్సు ఒక నిమిషం ముందెళ్లిపోయింది, అంతే.

గది గురించి ఒక పేరా రాశాను, రాయకపోతే కథ నిలబడదు. బ్రామల్ లేన్ దగ్గర పాత స్పూన్ల ఫ్యాక్టరీలో వాళ్లు గది అద్దెకి తీసుకున్నారు. ప్రాక్టీసంతా అక్కడే, నెలల తరబడి. కచేరీ మాటే లేదు. అంతసేపు అంత చప్పుడు చెయ్యడానికి చోటు దొరకడమే ఏ కుర్రాళ్ల బ్యాండుకైనా సగం బలం. మాకు దొరికింది కీబోర్డు వాడి మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన. పక్కింటి మామ్మగారి మధ్యాహ్నం నిద్ర మా సంగీతానికి హద్దు.

నవంబరు 23, ఆదివారం

పేరు దగ్గర ఇరుక్కుపోయాను.

జో స్కూల్లో ఉన్నప్పుడు లేని బ్యాండులకి సమీక్షలు రాసుకునేవాడు. ఆ ఊహల్లోంచి వచ్చిన పేరు 'డెఫ్ లెపర్డ్', అంటే చెవిటి చిరుత. మామూలుగా, నిఘంటువులో ఉన్న స్పెల్లింగుతోనే. అప్పట్లో ఇంగ్లండంతా పంక్ బ్యాండులు జంతువుల పేర్లూ వింత పేర్లూ పెట్టుకుంటున్నాయి. మనదీ పంక్ అనుకుంటారు, అక్షరాలు మార్చి రాద్దాం అన్నది డ్రమ్మరు కెన్నింగ్. మొదటి మాటలో ఒక అక్షరం తీసేశారు, రెండో మాటలో ఒకటి మార్చారు. పలకడంలో ఏ తేడా లేదు. కంటికి మాత్రం అచ్చుతప్పులా ఉంటుంది.

ఇప్పుడిది తెలుగులో ఎలా చూపించను? డెఫ్ లెపర్డ్ అని రాస్తే ఆ తప్పు కనబడదు, మన లిపి దాన్ని మింగేస్తుంది. రెండు రోజులు తిరిగాక బండి మీద వెళ్తుంటే తట్టింది. తెలుగులోనే తప్పు రాయాలి. చెవిటి చిరుత కాదు, చెవ్టి చిర్త. పలకడం దాదాపు అదే, చూస్తే మాత్రం ఎవడో సరిగ్గా చదువుకోలేదనిపిస్తుంది. కవరు మీద పెద్దక్షరాల్లో అదే.

కెన్నింగ్ సంగతి ఎనిమిదో పేజీకి పెట్టాను. ఆ పేజీ ఇంకా ఖాళీ.

నవంబరు 29, శనివారం

కొత్తగా వచ్చిన గిటారిస్టు స్టీవ్ క్లార్క్‌ది ఐదో పేజీ. లేతు మిషను మీద పనిచేసే కుర్రాడు. 1978 జనవరిలో చేరాడు. పరీక్షకి రమ్మంటే లినర్డ్ స్కినర్డ్ వాళ్ల 'ఫ్రీ బర్డ్' మొదటి నుంచి చివరిదాకా వాయించేశాడని జో చెప్పాడు. అది తొమ్మిది నిమిషాల పాట. మా గిటారోడికి ఈ పేజీ ఫోన్లో చదివి వినిపించాను. "ఒరేయ్, వీళ్లు మెటల్ కాదురా, పాట కంటే జుట్టుకే పేరున్న 'జుట్టు బ్యాండు'" అన్నాడు. వాడు ఇంజనీరింగులో మెటాలికా విన్న దగ్గర నుంచీ ఇదే గోల. మొదటి ప్లేటు విను, తర్వాత మాట్లాడు అన్నాను. నిజానికి జోకి కూడా మెటల్ అన్న ముద్ర ఇష్టం లేదు. కానీ 1979లో ఇంగ్లండు పత్రికలు కొత్త హెవీ మెటల్ కెరటం అని రాసినప్పుడు ఐరన్ మెయిడెన్, సాక్సన్‌లతో పాటు వీళ్లనీ అందులోనే వేశాయి. ఇంతకీ ఐరన్ మెయిడెన్ తమ సొంత ప్లేటుకి టేపు రికార్డు చేసుకున్నది 1978 డిసెంబరు 30, 31 తేదీల్లో. వీళ్లు అంతకు నెల ముందే హల్ ఊళ్లోని ఫెయిర్‌వ్యూ స్టూడియోలో పని ముగించారు.

మధ్య పేజీల బొమ్మ మా అమ్మాయి వేస్తోంది. 1978 జులై 18, మోస్‌బరోలోని వెస్ట్‌ఫీల్డ్ స్కూలు, ఏ బ్లాకు భోజనాల హాలు. డెఫ్ లెపర్డ్ మొదటి కచేరీ అక్కడే. భోజనాల హాలంటే మా పిల్లకి వాళ్ల స్కూలే గుర్తొచ్చింది. స్టేజీ ముందు బల్లల మీద స్టీలు క్యారియర్లు వరసగా పేర్చింది. తీసెయ్యమన్నాను. మళ్లీ చూస్తే బాగానే ఉందనిపించి, ఒకటి ఉంచమన్నాను.

పాటల సాహిత్యం, వాళ్ల ఫొటోలు ఏవీ వాడటం లేదు, హక్కులు మనవి కావు. బొమ్మలన్నీ మా పిల్లవే. చెవుల్లో దూది పెట్టుకున్న చిరుత కవరు మీదకి.

డిసెంబరు 6, శనివారం

ఎనిమిదో పేజీ.

1978 నవంబరు. మొదటి రికార్డింగుకి కొద్ది రోజులే ఉంది. కెన్నింగ్ బ్యాండులో లేడు. హఠాత్తుగా వెళ్లిపోయాడని ఒక కథనం, తీసేశారని ఇంకో కథనం. ఫ్రాంక్ నూన్ అనే డ్రమ్మరు వచ్చి ఆ మూడు పాటలకీ వాయించి వెళ్లాడు. పేరుకి అక్షరాలు దిద్దినవాడు, ఆ పేరు అచ్చయిన మొదటి ప్లేటులో లేడు. బ్యాండు చరిత్రలన్నిటిలో అతనికి దక్కేది రెండు వాక్యాలు. తర్వాత కైరో అని ఒక బ్యాండు పెట్టాడని మూడో వాక్యం. అక్కడితో సరి.

నేను ఇతనికి పేజీ మొత్తం ఇస్తున్నాను. ఎందుకంటే, 2000 జనవరిలో మా స్కూలు యానివర్సరీకి రెండు వారాల ముందు మా నాన్న నా సైడ్ డ్రమ్ము తీసుకెళ్లి పీఈటీ సారుకి అప్పగించి వచ్చారు. పబ్లిక్ పరీక్షలు. నా బదులు నైన్త్ క్లాసు కుర్రాడొకడు వాయించాడు. ఆ రోజు ఫొటో గ్రూపులో ఏడాదికోసారి ఎవడో ఒకడు పెడతాడు. నలుగురున్నారు, నేను లేను. బ్యాండుకి పేరు పెట్టింది మాత్రం నేనే. ఇది పుస్తకంలో రాయను. ఇక్కడ రాసుకుంటున్నాను.

యానివర్సరీ నాడు నేను వెళ్లలేదు. ఇంట్లో కూర్చుని త్రికోణమితి చేశాను. మరునాడు ఎలా జరిగిందని అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. తర్వాత ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలు నలుగుర్నీ నాలుగు వైపులకి పట్టుకెళ్లాయి.

డిసెంబరు 7, ఆదివారం

నిన్నటి రాత చూసుకుంటే ఏడుపుగొట్టుగా ఉంది. పనిలో పడదాం.

పదో పేజీ పూర్తయింది. కొత్త డ్రమ్మరు కావాలని పేపర్లో వచ్చిన ప్రకటనకి శీర్షిక, చిరుతకి చర్మాలు పోయాయి అన్న అర్థంలో ఒక చమత్కారం. చిరుత తోలు, డ్రమ్ము తోలు. ఇంగ్లిషులో ఎంత బాగా కుదిరిందో తెలుగులోనూ అంతే బాగా కుదిరింది. ఈ పుస్తకం మొత్తంలో నాకు ఉచితంగా దొరికింది ఇదొక్కటే. ఆ ప్రకటనకి జవాబు రాసింది రిక్ ఆలెన్ కాదు, వాళ్లమ్మ. పదిహేనేళ్ల కొడుకు. 1978 నవంబరు 28న చేరాడు, తర్వాత చదువు మానేశాడు. తన పదహారో పుట్టినరోజు నాడు, 1979 నవంబరు 1న, లండన్ హామర్‌స్మిత్ ఓడియన్‌లో ఏసీడీసీ అనే పెద్ద బ్యాండుకి ముందు వాయించాడు.

ఇది చదివి మా అమ్మ, "పదో క్లాసులో చదువు మానిపించిందా?" అంది. మానిపించలేదమ్మా, ఉత్తరం రాసింది. "రెండూ ఒకటే" అంది. నాన్న పేపరు వెనక నుంచి ఏమీ అనలేదు.

డిసెంబరు 13, శనివారం

డీటీపీ షాపు. నేను ఫోన్లో టైపు చేసుకున్న యూనికోడ్ తెలుగు వాళ్ల పేజ్‌మేకర్‌లో పడగానే డబ్బాలు డబ్బాలు. వాళ్లది 'అను' అనే పాత ఫాంటు, దానికి యూనికోడ్ పడదు. మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే వత్తులు ఎగిరిపోయాయి, పొల్లులు పక్క అక్షరం నెత్తికెక్కాయి. హామర్‌స్మిత్ అయితే చూడ్డానికే భయమేసింది. ఆపరేటరు, "వద్దు సార్, నేనే కొట్టేస్తా, గంట పని" అన్నాడు. నిజంగానే గంటంబావులో కొట్టేశాడు. వేళ్లు చూస్తుంటే డ్రమ్మరు గుర్తొచ్చాడు. లోపలి పేజీల ప్రూఫు అక్కడే కూర్చుని దిద్దాను. కవరు ఫైలు సాయంత్రం చేస్తానన్నాడు, రేపు ప్రింటు చేసి ఉంచుతానన్నాడు. కవరులో ఏముంది, రెండు మాటలేగా అని ప్రూఫు అడగలేదు.

డిసెంబరు 15, సోమవారం

ఆ రెండు మాటలే.

అరవై కవర్లు, 300 జీఎస్ఎం కార్డు మీద ధగధగలాడుతున్నాయి. చెవిటి చిరుత. తప్పు లేకుండా, ముచ్చటగా. ఆపరేటరు ఆనందంగా, "మీరు రెండు చోట్ల తప్పు కొట్టారు సార్, నేను సరిచేశాను" అన్నాడు. ఏమనాలి? అతను తన పని సరిగ్గా చేశాడు. ప్రూఫు చూడకుండా వచ్చింది నేను. విషయం చెబితే పాపం అతనికి మొహం చెల్లలేదు, సగం ధరకి మళ్లీ వేస్తానన్నాడు. అరవై షీట్లు తుక్కులో వెయ్యడానికి నాకే మనసొప్పక ఇంటికి తెచ్చేశాను.

మా అమ్మాయి అరవై కవర్లూ నేల మీద పరిచి కాసేపు చూసింది. ఎర్ర పెన్నుతో టీచరు దిద్దినట్టు దిద్దుదాం అంది. చూస్తే అక్షరాలు కూడా కలిసొచ్చాయి. వి అలాగే ఉంటుంది, పక్కన టి కొట్టేసి వి కింద ట వత్తు. రెండో మాటలో రు కొమ్ము కొట్టేసి, త కొట్టేసి, ర కింద త వత్తు. సరైనదాన్ని ఎర్ర పెన్నుతో తప్పుగా దిద్దడం. కెన్నింగ్ చేసింది కూడా అదే కదా. అచ్చులో పడ్డ చెవ్టి చిర్త కంటే ఇదే బాగుంది, ఒప్పుకోవాలి. కాకపోతే అరవై కవర్లకి నూట ఇరవై దిద్దుబాట్లు.

డిసెంబరు 20, శనివారం

అతికింపు పరీక్షలు.

రంగు పోకూడదని పది కవర్లకి ముందే మ్యాట్ లామినేషన్ చేయించి ఉంచాను. పెద్ద పొరపాటు. రెక్క లోపలికి మడిస్తే రెక్క పైవైపు ప్లాస్టిక్కు, బయటికి మడిస్తే కవరు వెనకవైపు ప్లాస్టిక్కు. ఎటు తిప్పినా ఒక ముఖానికి జిగురు పట్టదు. రాత్రి అతికించిన ఐదు కవర్లూ పొద్దున్నకి తామరపూలలా విచ్చుకున్నాయి. మిగతా ఐదింటికి రెక్కల మీద గరుకు కాగితంతో రుద్ది ఫెవికాల్ వేశాను. పట్టింది. ఐదు ఉత్తగా పోయాయి, వాటిలో రెండు తిరిగి బాగుచేయగలిగాను.

మిగిలిన యాభైకి లామినేషన్ లేదు, హాయి. జిగురు ఏది వాడాలన్నది తర్వాతి తకరారు. ఫెవికాల్ నీళ్లు కలిపితే కార్డు వంకర పోతోంది, కలపకపోతే గట్టిగా గీత తేలుతోంది. వీధి చివర అకౌంటు పుస్తకాలు కుట్టే పెద్దాయన్ని అడిగాను. మైదా ఉడకబెట్టు బాబూ, చిటికెడు మైలుతుత్తం వెయ్యి, పురుగు పట్టదు అన్నాడు. మైలుతుత్తం విషం, దాని గిన్నె మళ్లీ వంటింట్లోకి తేవద్దని మా ఆవిడ వార్నింగు. పాత డబ్బా ఒకటి దానికే కేటాయించాం. సినిమా పోస్టర్లు అతికించే వాసన ఇల్లంతా. పల్చగా రాసి, పైన రాత్రంతా పాత డిక్షనరీలు బరువు పెడితే గీత తేలకుండా, వంకర పోకుండా వచ్చింది.

మడత దగ్గర రంగు పగలకుండా షాపులో క్రీజింగు వేయించాలి. నేను పైసలు మిగుల్చుకుందామని సిరా అయిపోయిన రీఫిలుతో స్టీలు స్కేలు పక్కన గీసి మడిచాను. పది దాకా బాగానే వచ్చాయి, తర్వాత చెయ్యి నొప్పి. మిగతావి షాపుకే పంపాను.

డిసెంబరు 21, ఆదివారం

గిటారోడు మళ్లీ ఫోను. "యాక్సిడెంటు లేకుండా డెఫ్ లెపర్డ్ కథ ఏంట్రా? మన వాళ్లకి తెలిసిందే అదొక్కటి."

నిజమే. 1984 డిసెంబరు 31న షెఫీల్డ్ దగ్గర కారు ప్రమాదంలో రిక్ ఆలెన్ ఎడమ చెయ్యి పోయింది. ఎడమ చేత్తో కొట్టాల్సినవి ఎడమ కాలితో కొట్టేలా పెడళ్లతో ఎలక్ట్రానిక్ డ్రమ్స్ చేయించుకున్నాడు. 1986 ఆగస్టు 16న డోనింగ్టన్‌లో రాక్ ఉత్సవానికి వచ్చిన వేల మంది ముందు వాయించాడు. మరుసటి ఏడాది వచ్చిన ఆల్బమే మా క్యాసెట్టు.

అంటే ఆ మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన, వాళ్ల డ్రమ్మరుతో సమానంగా వాయించలేక రెండు చేతులతో తంటాలు పడ్డవాణ్ని నేను. అతనికి ఒక్క చెయ్యే ఉందని మాకప్పుడు తెలియదు. క్యాసెట్టు కవరు మీద అది రాసి లేదు, చెప్పేవాళ్లూ లేరు.

అయినా పుస్తకంలో పెట్టను. ఎవరు ఈ కథ మొదలుపెట్టినా అక్కడి నుంచే మొదలుపెడతారు. పదిహేనేళ్ల వాణ్ని చూసేటప్పుడు కూడా రాబోయే ఆ రాత్రే చూస్తారు. నా పదకొండో పేజీ 1979 ఆగస్టులో ఫోనోగ్రామ్ కంపెనీతో ఒప్పందం, నవంబరులో ఆ పుట్టినరోజు, అక్కడితో ఆగుతుంది. మరుసటి మార్చి 14న వచ్చిన మొదటి ఆల్బం, ఇంగ్లండు జాబితాలో 15వ స్థానం, చిన్నక్షరాల్లో ఒక్క లైను. వాడు "నీ ఇష్టం" అన్నాడు. అంటే నచ్చలేదని.

తొమ్మిదో పేజీ గురించి రాయడం మర్చిపోయాను. రికార్డు కథ అది. ఇంట్లోవాళ్ల డబ్బుతో చేసిన ప్లేటుని బీబీసీ రేడియో వన్‌లో జాన్ పీల్ వేశాడు. అప్పట్లో ఆయన రాత్రి కార్యక్రమంలో ఒకసారి పాట వచ్చిందంటే కంపెనీల చెవిలో పడ్డట్టే. మొదటి 150 కాపీల్లో పాటల సాహిత్యం కాగితం కూడా పెట్టారు. ఆ 150 ఇప్పుడు సేకర్తలకి బంగారం.

డిసెంబరు 28, ఆదివారం

లోపలి పేజీల ప్రింటులో ఒక చిక్కు. రెండోవైపు తిప్పడంలో తేడా వచ్చి మొదటి షీటులో 2, 11 తలకిందులయ్యాయి. ఒక్క షీటు దగ్గరే పట్టుకున్నాను, ఈసారి పక్కనే నిలబడ్డాను కాబట్టి. అరవై షీట్లు, మూడేసి ముక్కలు, మడత, మధ్యలో రెండు పిన్నులు. పిన్నులు పెద్దాయన వేశాడు. ఆయన కత్తిరింపు మిషను కింద అంచులు ఒక్క దెబ్బకి సమానమవుతుంటే చూడ్డం భలే ఉంది.

దిద్దుబాట్లు ఇంట్లో అందరం పంచుకున్నాం. మా ఆవిడ కొట్టివేతలు నిటారుగా, అమ్మాయివి కోపంగా, అమ్మవి వణుకుతూ. మా నాన్న ఏం చేస్తున్నారో చూడ్డానికి వచ్చి, ఒక కవరు తీసుకుని, కళ్లజోడు పైకెత్తి, "సరిగ్గానే ఉందిగా, ఎందుకు కొట్టేస్తున్నారు?" అన్నారు. చెప్పాను. పెన్ను తీసుకుని పద్నాలుగు దిద్దారు. రిటైరైన లెక్కల మాస్టారి చేతి దిద్దుబాటు, వాటికి ఏ డిజైనరూ సరిపోడు.

లెక్క: కవర్లు 57 బాగున్నాయి, 3 పోయాయి. పుస్తకాలు 60.

జనవరి 4, ఆదివారం

ఎనిమిదో పేజీ మళ్లీ చదువుతుంటే ఆ నైన్త్ క్లాసు కుర్రాడు గుర్తొచ్చాడు. మా బ్యాచ్ కాదు కాబట్టి వాణ్ని ఎవరూ పిలవలేదు. కీబోర్డు వాడి దగ్గర నంబరు దొరికింది. చెన్నైలో ఉంటున్నాడు. పాతికేళ్లలో మొదటిసారి ఫోన్ చేశాను. పేరు చెప్పగానే, "అన్నా! మీ డ్రమ్ము కర్రలు నా దగ్గరే ఉన్నాయన్నా" అన్నాడు. మొదటి మాటే అది.

ఆ రోజు ఎలా వాయించావు అని అడిగాను. పాతికేళ్లు అడగని ప్రశ్న.

"ఏం వాయించానన్నా, రెండో పాటకే కరెంటు పోయింది కదా! జనరేటరు వాడు టీకి వెళ్లాడు. గిటారు మైకు లేదు, కీబోర్డు లేదు, పాడేవాడి గొంతు ముందు వరసకి కూడా అందలేదు. నాదొక్కటే వినబడుతోంది. ఆపాలో వద్దో తెలియలేదు. చీకట్లో నాలుగైదు నిమిషాలు నేనే కొట్టా. మార్చ్‌పాస్ట్‌ది కొట్టానన్నా, నాకు వచ్చింది అదే. జనమంతా లేచి కాళ్లతో అదే తాళం వేశారు. మీకెవరూ చెప్పలేదా?"

చెప్పలేదు.

కాసేపు ఇద్దరం నవ్వాం. కర్రలు పంపమంటారా అన్నాడు. ఉంచుకోరా అన్నాను. అడ్రసు తీసుకున్నాను.

మిగిలిన కవర్లలో నాన్న దిద్దినదొకటి వెతికి, పుస్తకం లోపల పెట్టి, అట్టల మధ్య కట్టాను. రేపు పొద్దున్నే కొరియరు ఆఫీసు. ఇంక 56.